పంపు ఏమంటోంది? పెరటి స్విమ్మింగ్ పూల్‌లో శబ్దాలు, ఇతర తిప్పలు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. పూల్ పంపు గోల ఎక్కువైందనగానే మనం మొదట చేసే పనేమిటి? దాని చుట్టూ ఒక గూడు కట్టించడం. అవునా, కాదా? చెక్కతోనో, ఇటుకతోనో నాలుగు వైపులా మూసేస్తాం. చప్పుడు కాస్త తగ్గుతుంది, హమ్మయ్య అనుకుంటాం. కానీ అది ఎందుకు అరుస్తోందో ఎవరూ చూడలేదు. లోపల జబ్బు అలాగే ఉంది. పైగా ఇప్పుడు మోటారుకు గాలి కూడా ఆడటం లేదు. కొన్నాళ్ళకు అది కాలిపోతే, నాసిరకం మోటారు అంటగట్టారని తిట్టుకుంటాం.

అందుకని ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. శబ్దాన్ని మూసేయకండి, ముందు వినండి. ఏ శబ్దమో తెలిస్తే ఏ జబ్బో తెలుస్తుంది. అంతేకాదు, నీళ్ళు పచ్చబడటం, మసకబారటం లాంటి వాటిలో సగం కూడా ఇక్కడినుంచే మొదలవుతాయి. ఎందుకంటే నీళ్ళు సరిగా తిరగకపోతే పంపూ అరుస్తుంది, నీళ్ళూ చెడతాయి.

సరే, శబ్దాలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, గులకరాళ్ళ శబ్దం. పంపులో ఎవరో గుప్పెడు గులకరాళ్ళు వేసి తిప్పుతున్నట్టు గరగరమంటుంది. మీలో చాలామంది విని ఉంటారు. రాళ్ళే పడ్డాయేమోనని విప్పి చూస్తే లోపల ఏమీ ఉండదు. మరి ఏమిటది? పంపు లాగుతున్నంత నీరు దానికి అందటం లేదు. నీరు అందకపోతే ఇంపెల్లర్, అంటే పంపు లోపల నీటిని తోసే రెక్కల చక్రం, మధ్యలో పీడనం బాగా పడిపోతుంది. పీడనం అంతగా పడిపోతే నీరు మామూలు వేడి దగ్గరే ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు ఇంపెల్లర్ అంచుకు, అంటే పీడనం ఎక్కువున్న చోటికి, రాగానే టపటపా కూలిపోతాయి. ఆ కూలే చప్పుడే మీకు గులకరాళ్ళలా వినిపించేది. దీన్ని కావిటేషన్ అంటారు. నెలల తరబడి అలాగే వదిలేస్తే ఇంపెల్లర్ మీద చిన్నచిన్న గుంటలు పడతాయి, చివరకు అరిగిపోతుంది.

అంటే ఎక్కడ వెతకాలి? పంపుకు ముందువైపు, నీరు వచ్చే దారిలో. పంపు తర్వాత ఏముందో ఇప్పుడు అనవసరం. వరసగా వెళ్ళండి. ముందు స్కిమ్మర్, అంటే పైన తేలే చెత్తను లాగే పూల్ గోడలోని నోరు, దాని బుట్ట తీసి ఆకులు దులపండి. తర్వాత పంపు ఆపి, దాని ముందున్న బుట్ట తీయండి. తర్వాత వాల్వులు చూడండి. తోటపని చేసేవాళ్ళో, పిల్లలో ఒకటి సగం తిప్పి వదిలేసి ఉండవచ్చు. ఇవన్నీ బాగుంటే ఇంపెల్లర్ నోరు చూడాలి. ఇది చాలామంది మర్చిపోతారు. బుట్ట కన్నాల్లోంచి వెంట్రుకలు, గింజలు, ఎండు పుల్లలు జారిపోయి అక్కడ ఇరుక్కుంటాయి. స్విచ్చి దగ్గర కాదు, మెయిన్ బోర్డులో బ్రేకర్ దించండి. దించాక మూత తీసి, బుట్ట పక్కన పెట్టి, లోపలి రంధ్రంలోకి వేలు పెట్టి తడమండి. మెత్తగా, ముద్దగా ఏదైనా తగిలితే అదే దొంగ. కొస వంచిన తీగతో లాగేయండి.

ఇక్కడ ఫిల్టర్ మీదున్న గేజి, అంటే పీడనం చూపే ముల్లు, మీకు సాక్ష్యం చెబుతుంది. పంపుకు ముందు అడ్డం ఉంటే గేజి మామూలుకంటే తక్కువ చూపిస్తుంది. పంపు తర్వాత, అంటే ఫిల్టర్లో అడ్డం ఉంటే మామూలుకంటే ఎక్కువ చూపిస్తుంది. ఈ ఒక్కటీ గుర్తుంటే మెకానిక్కు రాకముందే సగం సంగతి మీకు తెలిసిపోతుంది.

అన్నీ శుభ్రంగానే ఉన్నాయి, అయినా గరగర పోలేదు. అప్పుడేమిటి? అప్పుడు పైపుకు మించిన పంపు పెట్టారని అర్థం. పెద్ద పంపు పెడితే నీళ్ళు ఇంకా శుభ్రంగా ఉంటాయనే నమ్మకం ఒకటి బాగా పాతుకుపోయింది. అది నిజం కాదండీ. పంపుకు వచ్చే పైపులో నీటి వేగం సెకనుకు 1.8 మీటర్లు దాటకూడదు. పూల్‌లోకి తిరిగి వెళ్ళే పైపులో 2.4 దాటకూడదు. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న పైపులో 1.8 మీటర్ల వేగమంటే గంటకు సుమారు 12 నుంచి 13 ఘనపు మీటర్ల నీరు. ఆ పైపుకు గంటకు 20 ఘనపు మీటర్లు లాగే పంపు తగిలిస్తే ఏమవుతుంది? ఎంత పెద్ద పంపైనా ఆ పైపు ఇవ్వగలిగినదాన్నే లాగుతుంది, మిగతా బలమంతా గోలగా, వేడిగా పోతుంది. నీరు పంపులోకి వెళ్ళే నోటి ముందరే ఎల్బో, అంటే వంపు అతుకు, పెట్టినా ఇదే గొడవ. పైపు వ్యాసానికి కనీసం ఐదు రెట్ల పొడవు తిన్నని పైపు ఉండేలా చూడండి. నీరు కుదురుగా లోపలికి వస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. స్కిమ్మర్ మూసుకుపోతే పంపు లాగే బలమంతా ఎటు పోతుంది? అడుగునున్న మెయిన్ డ్రెయిన్‌కు పోతుంది. ఆ డ్రెయిన్ మూత పగిలి ఉన్నా, ఊడి ఉన్నా పిల్లల జుట్టును, చేతిని, ఒంటిని లాగి పట్టేస్తుంది. పెద్దవాళ్ళు కూడా లాగి విడిపించలేనంత బలంగా పడుతుంది. అమెరికాలో 2007లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. మూత పగిలిందని కనిపిస్తే కొత్తది బిగించేదాకా పూల్‌లోకి ఎవరినీ దిగనివ్వకండి. పంపు ఆపే స్విచ్చి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. అందరికీ అంటే, ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా.

రెండో శబ్దం, గుడగుడ. హుక్కా పీలుస్తున్నట్టు. ఇది గాలి. దీనికి మీరు చెవికంటే కన్ను వాడండి. పంపు నడుస్తుండగా దాని ముందున్న పారదర్శకమైన మూతలోంచి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పంపులో మూత కింద నీరు నిండుగా, అద్దంలా ఉంటుంది. పైన ఒక చిన్న బుడగ అలా నిలబడి ఉంటే పరవాలేదు. కానీ నీరు సగమే ఉండి నురగలు కక్కుతుంటే, పూల్‌లో రిటర్న్ నోళ్ళలోంచి, అంటే నీరు తిరిగి వచ్చే రంధ్రాల్లోంచి, బుడగలు గుంపులుగా వస్తుంటే, ఎక్కడినుంచో గాలి చొరబడుతోందన్నమాట.

మొదట నీటిమట్టం చూడండి. స్కిమ్మర్ నోటికి సరిగ్గా సగం ఎత్తులో నీరుండాలి. అంతకు తగ్గితే స్కిమ్మర్ లోపల సుడి తిరిగి నీటితోపాటు గాలిని కూడా మింగుతుంది. స్కిమ్మర్ నోట్లో ఊగే తలుపు ఉంటుంది కదా, అది పైకి ఇరుక్కుపోయినా నీరు అందక అదే పని జరుగుతుంది. ఇవి బాగుంటే పంపు మూత ఓ-రింగు, అంటే మూత కింద ఉండే రబ్బరు చుట్టు, దగ్గరికి రండి. రింగు బయటికి తీయండి. గుడ్డతో తుడవండి. వేళ్ళ మధ్య కొద్దిగా సాగదీసి గుండ్రంగా మొత్తం తిప్పుతూ చూడండి. సన్నని పగుళ్ళున్నాయా? గుండ్రంగా ఉండాల్సింది ఒకవైపు చదునైపోయిందా? అది కూర్చునే గాడిలో ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా చాలు, గాలి దూరుతుంది. శుభ్రం చేసి పల్చగా సిలికాన్ గ్రీజు రాసి పెట్టండి. పెట్రోలియం జెల్లీ రాయకండి, దానివల్ల రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఓ-రింగు మార్చినా గాలి పోలేదు, అప్పుడు? పంపు అడుగునున్న రెండు డ్రెయిన్ బిరడాలు, యూనియన్ (విప్పి బిగించే పైపు అతుకు), వాల్వుల కాడలు, పైపు పంపులోకి దిగే మర చూడండి. పంపు ఒకసారి నీళ్ళు లేకుండా నడిచి వేడెక్కిందంటే ఆ మర దగ్గర ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది, ఇక అక్కడ గాలి ఆగదు. ఏది కారుతోందో ఎలా తెలుస్తుంది? గడ్డం గీసుకునే నురగ తీసుకోండి. పంపు నడుస్తుండగా ఒక్కో అతుకు మీదా పూయండి. గాలి లాగుతున్న చోట నురగలో గుంట పడుతుంది, కళ్ళముందే లోపలికి పోతుంది.

ఎవరో అడగబోతున్నారు, నాకు తెలుసు. అతుకు వదులైతే నీళ్ళు కారాలి కదా, పొడిగా ఉందేమిటి అని. పంపు నడిచేటప్పుడు ఈ వైపు పైపులో పీడనం బయటి గాలికంటే తక్కువ. అందుకని నీరు బయటికి రాదు, గాలే లోపలికి వెళుతుంది. పంపు ఆపాక ఐదు నిమిషాలు ఆగి చూడండి, అప్పుడు ఒక్కో బొట్టు రాలుతుంది.

ఈ గాలి వెళ్ళి ఫిల్టర్ ట్యాంకు పైభాగంలో చేరుతుంది. నీటిని నొక్కితే కుదించుకోదు, గాలిని నొక్కితే స్ప్రింగులా బిగుసుకుంటుంది. ట్యాంకు క్లాంపు సరిగా పట్టకపోతే మూత తుపాకీ గుండులా లేస్తుంది. అందుకని పంపు వేసే ముందు ఫిల్టర్ పైనున్న ఎయిర్ వాల్వు తెరవండి, దూరంగా నిలబడి పంపు వేయండి, నీరు ధారగా వచ్చాకే వాల్వు మూయండి. పంపు మొదలయ్యేటప్పుడు ఫిల్టర్ మీదికి వంగి చూడకండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ప్రాణాలు పోయే సంగతి.

మూడో శబ్దం, కీచు. సన్నగా, ఎత్తుగా, లోహం ఒరుసుకుంటున్నట్టు. ఇది బేరింగు. ఖాయం చేసుకోవాలంటే పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను మోటారు ఒంటి మీద బేరింగు ఉండే చోట ఆనించి, పిడికి చెవి ఆనించి వినండి. జుట్టు, వదులు బట్టలు వెనక ఫ్యానుకు దూరంగా ఉంచుకోండి. మంచి బేరింగు మెత్తగా జుమ్మంటుంది, చెడిపోయింది గరుకుగా గీరుతుంది. ముందొకటి, వెనకొకటి, రెండుంటాయి. ముందు బేరింగు తొందరగా పోతుంది. ఎందుకు? దాని ముందే షాఫ్ట్ సీలు, అంటే తిరిగే ఇరుసు చుట్టూ నీరు కారకుండా ఆపే భాగం, ఉంది కాబట్టి. సీలు కారితే నీరు షాఫ్ట్ వెంబడి పాకి ఆ బేరింగును తుప్పు పట్టిస్తుంది. పంపుకూ మోటారుకూ మధ్య కిందకు వంగి చూడండి. నేల తడిగా ఉందా? తెల్లగా పొక్కులు కట్టి ఉందా? అయితే సీలు పోయింది. ఈ తడి కనిపించిన వారంలోనే సీలు మారిస్తే బేరింగు మిగులుతుంది. కీచు మొదలయ్యాక మార్చాలంటే రెండు బేరింగులూ, సీలూ కలిపి మార్చాలి. బేరింగు నంబరు దాని పక్కనే చెక్కి ఉంటుంది, 6203, 6204 ఎక్కువగా కనిపిస్తాయి. చూసి అదే తెచ్చుకోవాలి. కొత్త సీలు బిగించేటప్పుడు ఆ నున్నటి సిరామిక్ ముఖాన్ని వేలితో ముట్టుకోకండి, గ్రీజు అసలే రాయకండి. వేలి జిడ్డు చాలు, అది సరిగా ఆనదు, మళ్ళీ కారుతుంది.

నాలుగోది, ఊరికే హుమ్మని మూలిగి బ్రేకర్ పడిపోవడం. ఇంపెల్లర్ ఇరుక్కుని ఉండాలి, లేదా మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊపునిచ్చే కెపాసిటర్ పోయి ఉండాలి. బ్రేకర్ దించి, మోటారు వెనకవైపునుంచి షాఫ్టును చేత్తో తిప్పి చూడండి. తిరగకపోతే ఇరుక్కుంది. హాయిగా తిరిగితే అనుమానం కెపాసిటర్ మీద. దాన్ని మాత్రం మీరు విప్పకండి. కరెంటు తీసేసినా కెపాసిటర్లో ఛార్జి నిలిచి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇంకొకటుంది, అది పంపు శబ్దం కాదు, ఇంటి శబ్దం. పంపు దగ్గర నిలబడితే మామూలుగానే ఉంటుంది, పడకగదిలో మాత్రం గోడ జుమ్మంటుంది. పైపును గోడకు గట్టిగా క్లాంపు వేసి బిగించారు, పంపు అదురు పైపు వెంబడి నడిచి గోడను మోగిస్తోంది. తంబురాకు సొరకాయ బుర్ర ఎలాగో, పంపుకు మీ గోడ అలాగ. పంపు నడుస్తుండగా పైపును అక్కడక్కడా చేత్తో గట్టిగా నొక్కి పట్టుకోండి. ఎక్కడ పట్టుకుంటే చప్పుడు మారిందో అక్కడే క్లాంపు విప్పి మధ్యలో రబ్బరు పెట్టాలి. పంపు కింద కూడా దట్టమైన రబ్బరు పలక వేయండి, ఆ కింద దిమ్మె సమంగా, బరువుగా ఉండాలి. ఒక మూల ఎత్తు తగ్గి పంపు ఊగుతుంటే ఏ రబ్బరూ కాపాడదు.

ఇప్పుడు చెప్పండి. పంపు ఆరోగ్యంగా ఉంది, గాలి లేదు, బేరింగు బాగుంది. అయినా పొరుగువాళ్ళకు నిద్రపట్టడం లేదు. అప్పుడేం చేయాలి?

వేగం తగ్గించాలి. అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. మామూలు పంపు ఒకటే వేగంతో నడుస్తుంది, 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి సుమారు 2,850 చుట్లు, 60 హెర్ట్జ్ మీద 3,450. వేగం మార్చుకునే పంపులో దీన్ని సగానికి దించితే నీరు సగమవుతుంది. మరి కరెంటు? సగం కాదు, లెక్క ప్రకారం ఎనిమిదో వంతు. వేగం సగమైతే శక్తి సగంలో సగంలో సగం. కాబట్టి రెట్టింపు గంటలు నడిపినా, అంతే నీరు తిప్పి నాలుగో వంతు కరెంటుతో బయటపడతాం. మోటారులో నష్టాలుంటాయి కాబట్టి ఆచరణలో ఇంత అందంగా రాదు, అయినా తేడా పెద్దదే. శబ్దం ఎంత తగ్గుతుందంటే, పంపు నడుస్తోందో లేదో చెయ్యిపెట్టి చూడాల్సి వస్తుంది. పైగా నెమ్మదిగా పోయే నీటిని ఫిల్టర్ ఇంకా బాగా వడకడుతుంది. ఒక్క జాగ్రత్త. హీటరుకు, ఉప్పునుంచి క్లోరిన్ చేసే యంత్రానికి కొంత కనీస ప్రవాహం కావాలి, అంతకంటే తగ్గితే అవి పనిచేయవు. స్కిమ్మర్ పైపైన తేలే ఆకులు లాగాలన్నా కాస్త జోరు ఉండాలి. అందుకని పగలు ఒకటి రెండు గంటలు వేగంగా, మిగతా సమయం నెమ్మదిగా పెట్టుకోండి.

తర్వాత చోటు. గోడలు, అడ్డంకులు లేని ఆరుబయట, దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. మరి మనం పంపు ఎక్కడ పెడతాం? కనబడకుండా ఉండాలని రెండు గోడల మూలలో పెడతాం. మూలలో పెడితే రెండు గోడలూ శబ్దాన్ని తిప్పికొట్టి ఒకే వైపుకు తోస్తాయి. ఆ ఒక్క వైపే పొరుగింటి కిటికీ ఉంటే ఇక చెప్పేదేముంది!

ఇంత చేశాకే గూడు గురించి ఆలోచించండి. గూడు వద్దని నేననడం లేదు, చివర కట్టమంటున్నాను. శబ్దాన్ని ఆపేది బరువు. పల్చని రేకు, వెదురు తడిక, క్రోటన్ మొక్కల వరస, ఇవి కంటికి చల్లగా ఉంటాయి గానీ శబ్దాన్ని ఆపవు. ఇటుక, మందపాటి చెక్క ఆపుతాయి. సందు వదిలితే మాత్రం బరువున్నా లాభం లేదు, చప్పుడు సందులోంచే వస్తుంది. మరి గాలి? మోటారుకు గాలి ఆడాలి కదా! అందుకని కిందనొకటి, పైనొకటి గాలిదారి పెట్టి, అవి నేరుగా కాకుండా ఒక వంపు తిరిగి బయటికి తెరుచుకునేలా చేయండి. గాలి వంపు తిరుగుతుంది, శబ్దం ఆ వంపులో చాలావరకు చచ్చిపోతుంది. వంపు లోపల శబ్దాన్ని పీల్చే మెత్తటి పొర, తడికి పాడవనిది, అంటించండి. గూడు పంపుకు గానీ పైపుకు గానీ తగలకూడదు. పైకప్పు మొత్తం తీసేలా ఉండాలి, లేకపోతే బుట్ట శుభ్రం చేయడమే మానేస్తారు. గ్యాసుతో నడిచే హీటరును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇలా మూయకండి, విషవాయువు చేరుతుంది.

పంపు ఆపగానే ఢామ్మని ఒక్క దెబ్బ వినిపిస్తే అది చెక్ వాల్వు, అంటే నీటిని ఒకే దిక్కున పోనిచ్చే వాల్వు. వెనక్కి మళ్ళిన నీరు దాని తలుపును కొడుతోంది. స్ప్రింగు ఉన్న రకం పెట్టండి, పోతుంది. గ్యాసు హీటరు టీ కెటిల్‌లా ఉడుకు శబ్దం చేస్తే లోపల సున్నం గడ్డకట్టింది, లేదా నీరు చాలినంత రావడం లేదు. జలపాతం పెట్టుకున్నవాళ్ళు నీరు పడే ఎత్తు తగ్గించినా, నీటిలోకి నేరుగా కాకుండా రాతి వాలు మీదుగా జారేలా చేసినా చప్పుడు బాగా తగ్గుతుంది.

ఇక నీళ్ళ సంగతి. గేజి గురించి అన్నాను కదా, అక్కడినుంచే వద్దాం. ఫిల్టర్ శుభ్రం చేసిన రోజు గేజి ఎంత చూపిస్తోందో ట్యాంకు మీదే మార్కరుతో రాయండి. అది మీ ఫిల్టర్ నాడి. దానికంటే 8 నుంచి 10 పీఎస్ఐ (గేజి మీది పీడనం కొలత) పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీటిని వెనక్కి తిప్పి ఫిల్టర్లోని మురికిని బయటికి పంపాలి. అంతకుముందే రోజూ చేయడం భక్తి అనుకోకండి. ఫిల్టర్లోని ఇసుకలో కొంచెం మురికి ఉన్నప్పుడే అది సన్నని మురికిని కూడా పడుతుంది. పంపు ఆపి, ఫిల్టర్ వాల్వు పిడి బ్యాక్‌వాష్‌కు తిప్పి, పంపు వేసి, బయటికి పోయే నీరు కనిపించే అద్దంలో అది తేటపడేదాకా రెండు మూడు నిమిషాలు. మళ్ళీ ఆపి రిన్స్‌కు తిప్పి అర నిమిషం నుంచి నిమిషం. ఆ రిన్స్ ఎగ్గొడితే మురికి తిరిగి పూల్‌లోకే వస్తుంది. పంపు నడుస్తుండగా పిడి తిప్పితే లోపల రబ్బరు గాస్కెట్ చిరుగుతుంది. రిటర్న్ నోటి కింద సన్నని ఇసుక మేట వేస్తోందా? ఫిల్టర్ అడుగున సన్నని గాట్లున్న గొట్టాల్లో ఒకటి విరిగింది.

నీళ్ళలో క్లోరిన్ వాసన ఘాటుగా వస్తే మనం ఏమంటాం? క్లోరిన్ ఎక్కువైంది, తగ్గించు అంటాం. నిజానికి సంగతి సరిగ్గా తలకిందులు. ఆ వాసన చాలావరకు క్లోరమైన్లది. చెమట, మూత్రం, ఒంటి మురికితో కలిసి పనిచేయలేక మిగిలిపోయిన క్లోరిన్. కళ్ళు మండేదీ ఎక్కువగా దానివల్లే. అంటే క్లోరిన్ చాలక వచ్చే వాసన. టెస్టు కిట్‌లో మొత్తం క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా పనిచేయగల క్లోరిన్, తీసేస్తే ఈ కలిసిపోయిన క్లోరిన్ వస్తుంది. అది 0.5 పీపీఎం (పీపీఎం అంటే పదిలక్షల భాగాల్లో ఒక భాగం) ఉంటే దానికి పది రెట్లు, అంటే 5 పీపీఎం, క్లోరిన్ ఒకేసారి వేసి ఆ క్లోరమైన్లను విరగ్గొట్టాలని వాడుక లెక్క. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతున్న పూల్‌లో 48 ఘనపు మీటర్ల నీరుంటుంది. 50 అనుకుందాం. ఘనపు మీటరుకు 1 గ్రాము వేస్తే 1 పీపీఎం. అంటే 5 పీపీఎంకు 250 గ్రాముల క్లోరిన్. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ పొడి అయితే సుమారు 385 గ్రాములు. లీటరుకు 100 గ్రాముల క్లోరిన్ ఉన్న ద్రవమైతే రెండున్నర లీటర్లు. సూర్యుడు దిగాక వేయండి, పంపు నడుస్తూ ఉండాలి.

సూర్యుడు దిగాక ఎందుకన్నాను? ఎండకు ఒట్టి క్లోరిన్ రెండు మూడు గంటల్లో చాలావరకు హరించుకుపోతుంది. దాన్ని కాపాడేది సైనూరిక్ ఆమ్లం, స్టెబిలైజర్ అంటాం. 30 నుంచి 50 పీపీఎం ఉంటే మంచిది. కానీ తేలే డబ్బాలో వేసే ట్రైక్లోర్ బిళ్ళల్లోనే అది కూడా ఉంటుందని ఎంతమందికి తెలుసు? ట్రైక్లోర్ 10 పీపీఎం క్లోరిన్ ఇచ్చేసరికి 6 పీపీఎం స్టెబిలైజర్ చేరుస్తుంది. రోజుకు 2 పీపీఎం క్లోరిన్ ఖర్చయితే నెలకు 36, మూడు నెలలకు వంద దాటుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది పోదు. ఇది పెరిగేకొద్దీ క్లోరిన్ మొద్దుబారిపోతుంది. స్టెబిలైజర్ విలువలో 7.5 శాతం ఫ్రీ క్లోరిన్ ఉండాలని మంచి కొలత. 40కి 3 చాలు, 100కి 7.5 కావాలి. అందుకే కొంతమంది కిట్‌లో 3 కనిపిస్తోంది, అయినా నాచు పడుతోందేమిటని జుట్టు పీక్కుంటారు. పోగొట్టే మార్గం ఆచరణలో ఒకటే, కొంత నీరు తీసి కొత్త నీరు నింపడం.

పచ్చబడిన నీటికి వరస ఇది. పీహెచ్ 7.2కు దించండి. స్టెబిలైజర్ లేని నీటిలో 7.2 దగ్గర క్లోరిన్ మూడింట రెండు వంతులు చురుగ్గా ఉంటుంది, 8.0 దగ్గర నాలుగో వంతే. తర్వాత గోడలు, మెట్ల మూలలు, నిచ్చెన వెనకాల బ్రష్షుతో రుద్దండి. క్లోరిన్ బాగా పెంచి, అది పడిపోకుండా రోజుకు రెండు మూడు సార్లు వేస్తూ పంపును రాత్రింబవళ్ళు నడపండి. గేజి పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్. ఆకుపచ్చ పోయి బూడిద రంగు మసక వస్తుంది. అది చచ్చిన నాచు, భయపడకండి, ఫిల్టర్ పడుతుంది. పని అయిందని ఎలా తెలుస్తుంది? పొద్దుగూకాక క్లోరిన్ కొలవండి, తెల్లవారకముందు మళ్ళీ కొలవండి. ఈ రెండు కొలతల మధ్య తేడా 1 పీపీఎం కంటే తక్కువుంటే, క్లోరిన్‌ను తినే నాచు లోపల లేదన్నమాట. నీరు తేటగా ఉండి ఆకుపచ్చగా ఉంటే మాత్రం అది నాచు కాదు, రాగి. దానికి క్లోరిన్ వేస్తే తగ్గదు.

మందుల విషయంలో రెండు మాటలు ఒత్తి చెబుతున్నాను. కాల్షియం హైపోక్లోరైట్, ట్రైక్లోర్ ఒకేచోట కలవకూడదు. కొలిచే చెంచా కూడా ఒకటే వాడకూడదు, అంటుకుని పేలుతుంది. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు వస్తుంది. ఎప్పుడూ నీటిలో మందు పోయాలి, మందులో నీరు పోయకూడదు.

చివరిగా, నీరు తగ్గిపోవడం. కారుతోందా, ఆవిరవుతోందా? ఒక బకెట్ తీసుకుని పూల్ మెట్టు మీద పెట్టండి. తేలిపోకుండా అడుగున ఒక రాయి వేసి, బయటి నీటిమట్టానికి సమంగా లోపల నీరు పోయండి. లోపల ఒక గీత, బయట ఒక గీత. ఆటోమేటిక్‌గా నింపే వాల్వు కట్టేసి, ఎవరూ దిగకుండా 24 గంటలు ఆగండి. రెండూ సమంగా తగ్గితే ఎండ తాగింది. బకెట్లోకంటే బయట 6 మిల్లీమీటర్లకు మించి ఎక్కువ తగ్గితే కారుతోంది. ఇందాకటి 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు పూల్‌లో ఒక్క సెంటీమీటరు అంటే 320 లీటర్లు! ఒకరోజు పంపు వేసి, ఒకరోజు ఆపి చేయండి. పంపు వేసినప్పుడే ఎక్కువ పోతుంటే రిటర్న్ పైపు, లేదా బ్యాక్‌వాష్ గొట్టం. పైపులు తవ్వించే ముందు ఆ గొట్టం కొస చూడండి. పంపు మామూలుగా నడుస్తున్నప్పుడు అక్కడ సన్నని ధార ఉంటే ఇందాక చెప్పిన గాస్కెట్టే కారణం, తవ్వే పనే లేదు. నీరు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగిపోతే, ఆగిన ఎత్తులో ఏముందో చూడండి. స్కిమ్మర్ నోటి కింది అంచా? లైటు బిగించిన గూడు అంచా? నీరు కదలకుండా నిలిచాక, అనుమానమున్న చోటికి దగ్గరగా సిరంజితో రంగు చుక్క వదలండి. పగులుంటే రంగు దారంలా సాగి లోపలికి పోతుంది.

కారే చోటు దొరకగానే పూల్ మొత్తం ఖాళీ చేయించేయకండి. చుట్టూ భూమిలో నీటిమట్టం ఎత్తుగా ఉంటే, ముఖ్యంగా వానల తర్వాత, ఖాళీ పూల్ పడవలా పైకి లేస్తుంది. కాంక్రీటుదైనా లేస్తుంది, ఫైబర్ గ్లాసుదైతే ఇంకా సులభంగా. లోపలి నీటి బరువే దాన్ని కింద పట్టి ఉంచుతోంది. చాలా పగుళ్ళు నీటిలోనే గట్టిపడే ఎపాక్సీతో, నీరు తీయకుండానే పూడ్చవచ్చు. తప్పదంటే వానలు లేని రోజులు చూసుకుని, అడుగున భూగర్భ నీటిని లోపలికి వదిలే వాల్వు ఉందో లేదో, పనిచేస్తోందో లేదో తెలిసినవాళ్ళతో చూపించుకుని, అప్పుడు తీయండి.

ఇక మీరు అడగండి. మీ పంపు ఎలాంటి శబ్దం చేస్తోందో నోటితో చేసి చూపించినా సరే, ఏమీ అనుకోను, అది నాకు ఎంతో పనికొస్తుంది.